పాట్రియార్క్ తిఖోన్ గారు - రష్యా దేవాలయముల వెండి

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరములో హిల్‌వుడ్ అనే ప్రదర్శనశాల ఉన్నది. అక్కడి గాజు బీరువాలలో రష్యా దేశపు బంగారు గిన్నెలు, వెండి పళ్ళెములు, పరిశుద్ధుల పటములు వరుసగా అమర్చి ఉన్నవి. కళాభిమానులు వాటి పనితనమును చూచి మెచ్చుకుంటారు. వేలములలో అటువంటి వస్తువులకు పెద్ద ధరలు పలుకుతాయి. అయితే ఆ గిన్నెలు ఒకనాడు బల్ల మీద ప్రభురాత్రి భోజనమునకు వాడినవి. ఆ పటముల ఎదుట తల్లులు బిడ్డలను ఎత్తుకొని ప్రార్థించారు. ఆరాధన పాత్రలు అంగడి సరుకుగా ఎట్లా మారినవో తెలిసికొనవలెనంటే మాస్కో పాట్రియార్కు తిఖోన్ గారి జీవితము చదువవలెను. వేదాంత కళాశాలలో మేము చదివిన సంఘ చరిత్రలో రష్యా సంఘమునకు దొరికిన చోటు బహు తక్కువ. కనుక ఈ శతవార్షిక సంచికలో ఆ దైవజనుని గూర్చి మన సంఘస్తులకు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ముందుగా ఆ పాత్రలను, పటములను గూర్చి కొంత తెలియవలెను. పటముల ఎదుట వంగి ముద్దుపెట్టుకొనే ఆచారము మన సంఘములలో లేదు. తూర్పు సంఘము వారికి పటము గోడకు వ్రేలాడే బొమ్మ కాదు, అది పరలోకమునకు తెరచిన కిటికీ వంటిది. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్ద పూత పూసి, నునుపు చేసి, గ్రుడ్డు సొనలో కలిపిన రంగులతో దానిని చిత్రిస్తారు. చివరకు కాచిన అవిసె నూనె పూస్తారు. ఆ నూనె ఎనుబది, నూరు సంవత్సరములలో నల్లబడుతుంది. అప్పుడు మరొకరు దాని మీదనే తిరిగి చిత్రిస్తారు. భక్తులు తమ మ్రొక్కుబడిగా పటమునకు వెండి తొడుగు చేయించేవారు. ముఖము, చేతులు మాత్రమే కనబడేటట్లు కోసి, మిగిలిన భాగమంతా వెండి రేకుతో కప్పేవారు. ఆ వెండి మీద తరచుగా 84 అనే అంకె ముద్ర ఉంటుంది. తొంబదియారు పాళ్ళలో ఎనుబది నాలుగు పాళ్ళు అచ్చ వెండి అని దాని అర్థము. 1899 నుండి దానితో కూడ తలపాగా ధరించిన స్త్రీ ముఖము కూడ ముద్రగా వేశారు. నేడు సేకరించేవారు మొదట వెదకేది ఈ ముద్రలనే. కనుకనే దొంగ ముద్రలు వేసేవారు కూడ బయలుదేరినారు!

తిఖోన్ గారి అసలు పేరు వసీలీ బెల్లావిన్. ఆయన 1865 జనవరి 31న ప్స్కోవ్ మండలములోని క్లిన్ అనే పల్లెలో ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించారు. ప్స్కోవ్ సెమినరీలో చదివి, 1884లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వేదాంత విద్యాపీఠములో ప్రవేశించారు. ఎత్తయిన మనిషి, శాంత స్వభావి, నవ్వు ముఖము. తోటి విద్యార్థులు ఆయనను వేళాకోళముగా పాట్రియార్కు అని పిలిచేవారు. ఆ పిలుపులోని హాస్యము మనకు తెలియవలెనంటే ఒక సంగతి చెప్పవలెను. మహా పీటరు చక్రవర్తి కాలములో, 1700లో పాట్రియార్కు చనిపోగా ఆ స్థానములో మరొకరిని నియమించలేదు. 1721లో ఆ పదవినే ఎత్తివేసి సంఘమును ప్రభుత్వపు శాఖగా చేశారు. రెండు వందల ఏండ్లుగా ఆ పదవే లేదు. లేని పదవికి పేరు పెట్టి స్నేహితుని ఆట పట్టించారన్నమాట.

ఆ విద్యాపీఠము అలెగ్జాండర్ నెవ్స్కీ మఠపు ఆవరణలోనే ఉన్నది. 1791లో రెండవ కేథరిన్ రాణి ఆ మఠపు త్రిత్వ దేవాలయము కొరకు బూఖ్ అనే స్వర్ణకారునిచేత వజ్రములు పొదిగిన బంగారు గిన్నెను చేయించినది. ఆ గిన్నె సంగతి మరల వస్తుంది.

1891లో ఆయన సన్యాస దీక్ష తీసికొని తిఖోన్ అనే పేరు ధరించారు. 1897లో, ముప్పదిరెండు ఏండ్ల వయస్సులో, బిషప్పుగా అభిషేకము పొందారు. మరుసటి సంవత్సరము ఆయనను అలూషియన్ దీవులు, అలాస్కాలకు బిషప్పుగా అమెరికా పంపినారు. అక్కడి సంఘస్తులలో అలాస్కా ఆదివాసులు, సిరియా అరబ్బులు, గ్రీకులు, గనులలో పనిచేసే స్లావు జాతుల వారు కలసి ఉన్నారు. వారిని చూచుటకు ఆయన పడవలలోను, కాలినడకను, దోమల మధ్యను, చలిలోను తిరిగినారు. అరబ్బులకు వారి భాష వాడైన బిషప్పు కావలెనని 1904లో రఫాయేలు గారిని బ్రూక్లిన్‌లో అభిషేకించారు. ఆరాధన క్రమమును ఆంగ్లములోనికి తర్జుమా చేయు పనిని ప్రోత్సహించగా ఆ గ్రంథము 1906లో వెలువడినది. 1905లో తన పీఠమును శాన్‌ఫ్రాన్సిస్కో నుండి న్యూయార్కుకు మార్చినారు. మిషను పొలములో పుట్టిన మనకు ఈ భాగము చదువుతుంటే పరిచయమైన దారిలో నడచినట్లే ఉంటుంది.

1907లో ఆయన స్వదేశమునకు తిరిగి వచ్చి యారొస్లావ్ల్ పట్టణమునకు ఆర్చిబిషప్పు అయ్యారు. వోల్గా నదీతీరమున ఉన్న ఆ పట్టణములో దేవాలయములు ఎక్కువ. గంటలు పోత పోయుటలోను, దేవాలయపు వెండి సామాను చేయుటలోను పేరు పొందిన ఒలొవ్యానిష్నికొవ్ కుటుంబము అక్కడిదే. తరువాత విల్నాకు మారినారు. అంతలో ప్రపంచ యుద్ధము వచ్చినది. 1917లో చక్రవర్తి పదవి పోయినది. అదే వేసవిలో మాస్కోలోని గురువులు, సామాన్య సభ్యులు కలసి ఓటు వేసి ఆయనను తమ అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. ప్రభుత్వము నియమించే రోజులు పోయి సంఘము ఎన్నుకొనే రోజు వచ్చినది.

ఆ ఆగస్టులో రష్యా సంఘపు మహాసభ మాస్కోలో కూడినది. పాట్రియార్కు పదవిని తిరిగి నెలకొల్పవలెనా వద్దా అని వాదములు జరుగుచుండగానే బొల్షెవిక్కులు అధికారమును పట్టుకొన్నారు. క్రెమ్లిన్ మీద ఫిరంగి గుండ్లు పడినవి. ఆ మోతలోనే సభవారు ముగ్గురిని ఓటు ద్వారా ఏర్పరచారు. మొదట అంతోనీ గారు, రెండవ వారు ఆర్సేనీ గారు, మూడవ వారు తిఖోన్ గారు. తరువాత అపొస్తలుల కార్యములలో మత్తీయ విషయములో జరిగినట్లు చీట్లు వేయుటకు నిర్ణయించారు. నవంబరు 18న క్రీస్తు రక్షకుని దేవాలయములో ఆ మూడు పేర్లుగల పెట్టెను వ్లదీమిర్ దేవమాత పటము ఎదుట ఉంచారు. బిజాంటియము చిత్రకారులు పండ్రెండవ శతాబ్దములో చిత్రించిన పటము అది. తల్లి చెంపకు బిడ్డ చెంప ఆనించి ఉండే ఆ పటమును 1155లో వ్లదీమిర్ పట్టణమునకు, 1395లో మాస్కోకు తెచ్చారు. అలెక్సీ అనే వృద్ధ సన్యాసి ప్రార్థన చేసి ఒక చీటీ తీశారు. అందులో తిఖోన్ గారి పేరు ఉన్నది. విద్యార్థుల వేళాకోళము ఆ విధముగా నిజమైనది. అయితే ఆ పదవిలో వైభవము ఎంతమాత్రము లేదని ఆయనకు ఆనాడే తెలుసు.

1918 జనవరిలో క్రొత్త ప్రభుత్వము సంఘమును రాజ్యము నుండి వేరు చేసినది. అది ఒక విధముగా మంచిదే అని మనలో కొందరు అనవచ్చు. కాని ఆ శాసనము అంతటితో ఆగలేదు. సంఘమునకు ఆస్తి కలిగి ఉండే హక్కే లేకుండ పోయినది. దేవాలయము, గంట, గిన్నె, పటము అన్నీ ప్రభుత్వపు సొత్తు. ఇరువది మంది విశ్వాసులు సంతకము చేస్తే వాడుకొనుటకు ఇస్తారు. ఆ సంవత్సరమే వ్లదీమిర్ పటమును నిపుణులు శుభ్రము చేశారు. బంగారు తొడుగు తీసి, పొర మీద పొరగా ఉన్న తరువాతి రంగులను తొలగించగా, మొదటి చిత్రములో తల్లీబిడ్డల ముఖములు, మరికొన్ని చిన్న భాగములు మాత్రమే మిగిలి ఉన్నట్లు తేలినది. నిపుణుల పని మెచ్చుకొనదగినది. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ ముఖములను ఆ తరము వారు తిరిగి చూడగలిగారు. కాని పటము తిరిగి ఆరాధనకు రాలేదు. ప్రదర్శనశాలకు పోయినది.

ఇక 1921వ సంవత్సరము. అంతర్యుద్ధము, రైతుల ధాన్యమును బలవంతముగా లాగుకొనుట, ఆపైన అనావృష్టి. వోల్గా ప్రాంతమంతా కరువు పాలైనది. ప్రజలు గడ్డి, చెట్ల బెరడు తిన్నారు. సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. డొక్కల కరువును గూర్చి పెద్దలు చెప్పగా విన్నవారు ఆ మాటలను కొంత ఊహించగలరు. తిఖోన్ గారు ఆ ఆగస్టులోనే తూర్పు పాట్రియార్కులకు, రోము పోపుగారికి, కాంటర్బరీ ఆర్చిబిషప్పుగారికి సహాయము కొరకు వ్రాశారు. దేశములో సంఘపు సహాయ సమితిని ఏర్పరచి దేవాలయములలో చందాలు పట్టించారు. ప్రభుత్వము ఆ సమితి అక్కరలేదని, వసూలైన డబ్బు తమకు అప్పగించమని ఆజ్ఞాపించినది. సంఘము తన చేతితో అన్నము పెట్టరాదు, సంఘపు డబ్బు మాత్రము కావలెను. తరువాత జరిగినదంతా ఈ ఒక్క సంగతి నుండి పుట్టినదే.

1922 ఫిబ్రవరి 19న తిఖోన్ గారు సంఘములకు లేఖ వ్రాశారు. సంస్కారములో వాడని విలువైన వస్తువులను, అంటే పటముల మీది ఉంగరములు, గొలుసులు, ఇతర అలంకారములు, విరిగిన వెండి ముక్కలు, కరువు బాధితులకు ఇచ్చుటకు అనుమతించారు. నాలుగు రోజులు కాకముందే ప్రభుత్వపు శాసనము వచ్చినది. ఏది ఇయ్యవలెను అనే ప్రశ్న లేదు. బంగారము, వెండి, రత్నములు ఉన్న విలువైన వస్తువులను ఒక నెలలో స్వాధీనము చేసికొనవలెను. ఫిబ్రవరి 28న ఆయన మరల వ్రాశారు. ప్రతిష్ఠించిన పాత్రలను స్వచ్ఛందముగా కూడ ఇయ్యరాదని, అట్లు తీసికొనుట పురాతన సంఘ నియమముల ప్రకారము దేవద్రోహమని ఆ లేఖలో తెలిపినారు.

ఇక్కడ మనము ఆగి ఆలోచించవలెను. ఆకలితో చచ్చే బిడ్డకంటె వెండి గిన్నె ఎక్కువా? దావీదు ఆకలిగొని సముఖపు రొట్టెలు తిన్న సంగతి మన ప్రభువే గుర్తుచేశారు. నాలుగవ శతాబ్దములో మిలాను బిషప్పు అంబ్రోసు గారు సంఘపు పాత్రలను కరిగించి చెరలోని వారిని విడిపించారు. తిఖోన్ గారు ఆధారముగా చూపిన నియమములు పరిశుద్ధ పాత్రను స్వంత వాడుకకు తీసికొనరాదని చెప్పినవే గాని, ఆకలిగొన్నవాని కొరకు అమ్మరాదని చెప్పినవి కావు. కనుక ఆ లేఖలోని వాదము మాకు బలముగా తోచదు. ఇచ్చుటలో సంఘమునకు చేయి ఉన్నంతవరకు గిన్నెలు కూడ ఇయ్యవచ్చునని మా నమ్మకము. కాని ఆయన గిన్నెల మీది ఆశతో ఆ మాట వ్రాసినట్లయితే తొమ్మిది రోజుల ముందు అలంకారములను విప్పియిచ్చి ఉండరు. తీసికొనేవారు బెల్షస్సరు వంటివారని ఆయన అనుమానించారు. ఆ అనుమానము నిజమని తరువాత బయటపడిన కాగితములు చూపుచున్నవి.

మార్చి 15న షూయా అనే చిన్న పట్టణములో జనము దేవాలయము ఎదుట గుమిగూడగా సైనికులు కాల్పులు జరిపినారు. కొందరు చనిపోయారు. నాలుగు రోజుల తరువాత లెనిన్ తన సహచరులకు రహస్య లేఖ వ్రాశాడు. కరువు ఉన్న ఈ సమయములోనే, ప్రజలు నిస్సత్తువగా ఉన్నప్పుడే, సంఘమును తిరిగి లేవకుండ కొట్టవలెనని, ఎంత ఎక్కువ మంది గురువులను చంపితే అంత మంచిదని దాని సారాంశము. ఆ లేఖ రష్యాలో అధికారికముగా అచ్చయినది 1990లో.

పెట్రోగ్రాదు మెట్రొపాలిటన్ వెనియామిన్ గారి కథ ఇంకను హృదయవిదారకము. ఆయన పాత్రలు సైతము ఇచ్చుటకు సిద్ధపడినారు. స్వచ్ఛంద కానుకగా తీసికొనండి, విశ్వాసుల ప్రతినిధులను చూడనియ్యండి అన్నదే ఆయన కోరిన షరతు. కజాన్ దేవమాత పటము తొడుగును తన చేతులతోనే విప్పి ఇస్తానన్నారు. మొదట ఒప్పుకొన్న అధికారులు తరువాత మాట తప్పినారు. నెవ్స్కీ మఠములో సుమారు ఒకటిన్నర టన్నుల వెండి సమాధి మందిరము ఉండేది. దానిని హెర్మిటేజ్ ప్రదర్శనశాలకు తరలించారు. వెనియామిన్ గారిని విచారణకు తెచ్చి, ఆగస్టు 12-13 రాత్రి మరి ముగ్గురితో కలిపి కాల్చి చంపినారు. ఇయ్యనన్న బిషప్పును నిర్బంధించారు, ఇస్తానన్న బిషప్పును కాల్చారు! గిన్నెలు ఇచ్చి ఉంటే సరిపోయేది గదా అని తిఖోన్ గారిని తప్పుపట్టేవారు ఈ సంగతిని కూడ లెక్కలో వేసికొనవలెను.

వచ్చిన వెండి ఎంత? ప్రభుత్వపు లెక్క ప్రకారమే ఆ సంవత్సరము సుమారు 24 వేల పూడ్ల వెండి, 33 పూడ్ల పైచిలుకు బంగారము, కొన్ని రత్నములు, ముత్యములు. పూడు అంటే పదహారు కిలోలకు పైన. అంటే వెండి సుమారు 390 టన్నులు. కోట్లకు కోట్లు వస్తాయని ఆశించగా, అన్నీ కలిపి విలువ 46 లక్షల బంగారు రూబుళ్ళకు కొంచెము పైన తేలినది. నిపుణులు కొన్ని పాత వస్తువులను ప్రదర్శనశాలలకు ఏరినారు. మిగిలినవి కాళ్ళతో త్రొక్కి, అణచి, మూటలు కట్టి, కరిగించారు. తూకము వేసినప్పుడు పనితనమునకు విలువ లేదు. ఆ డబ్బులో ఆకలిగొన్నవారికి చేరినది కొంచెమే.

1922 మే నెలలో మాస్కో విచారణలో తిఖోన్ గారిని సాక్షిగా పిలిచారు. లేఖ వ్రాసినది తానేనని, బాధ్యత తనదేనని న్యాయస్థానములో ఒప్పుకొన్నారు. అప్పటికే నేరస్థులుగా నిలబెట్టిన గురువుల తలల మీదినుండి ఆ భారము తీయుట ఆయన ఉద్దేశము. అయినను వారిలో కొందరిని చంపినారు. ఆయనను డాన్‌స్కోయ్ మఠములో గృహనిర్బంధములో ఉంచారు. ఈలోగా ప్రభుత్వపు అండతో సజీవ సంఘమని పేరుపెట్టుకొన్న ఒక పక్షము బయలుదేరి దేవాలయములను ఆక్రమించుకొన్నది. 1923 మేలో వారు సభ చేసి తిఖోన్ గారిని పదవి నుండి, సన్యాసము నుండి కూడ తీసివేసినట్లు తీర్మానించారు.

జూన్ నెలలో ఆయన సుప్రీం కోర్టుకు ఒక విన్నపము పంపినారు. గతములో ప్రభుత్వమునకు విరోధముగా నడచుకొన్నందుకు పశ్చాత్తాపపడుచున్నానని, ఇకమీదట దానికి శత్రువును కానని అందులో వ్రాశారు. 27న ఆయన విడుదలైనారు. కొందరు దీనిని పిరికితనమన్నారు. మేము అట్లు అనలేము. తన పేరు పోయినా మంద చెదరకుండ ఉండవలెనని ఆయన చూచుకొన్నారు. ఆయన బయటకు రాగానే జనము గుంపులుగా చేరినారు. దారి తప్పిన గురువులు వచ్చి క్షమాపణ అడిగినారు. సజీవ సంఘపు దేవాలయములు ఖాళీ కాసాగినవి. వెండి పోయిన బల్ల చుట్టూ సంఘము మరల కూడినది.

చివరి రెండేండ్లు ఆయనకు సుఖము లేదు. మాటిమాటికి విచారణలు, ఒత్తిడి. 1924 డిసెంబరులో ఇంటిలో జొరబడినవారు ఆయన నమ్మకమైన పరిచారకుడు యాకొవ్ పొలొజొవ్‌ను కాల్చి చంపినారు. ఆ దెబ్బకు ఆయన ఆరోగ్యము బాగా క్రుంగినది. 1925 ఏప్రిల్ 7న, రష్యా పంచాంగము ప్రకారము మరియమ్మకు శుభవార్త ప్రకటించిన పండుగనాడు, మాస్కో ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారు. వయస్సు అరువది ఏండ్లు. మట్టల ఆదివారమున డాన్‌స్కోయ్ మఠములో ఆయన దేహమును ఉంచినప్పుడు జనము వీధులన్నీ నిండి ఉన్నారు.

ఆయన తరువాత వెండికి, పటములకు మరొక దారి తెరచుకొన్నది. యంత్రములు కొనుటకు విదేశీ ద్రవ్యము కావలెనని స్టాలిను ప్రభుత్వము ప్రదర్శనశాలల సొత్తును కూడ అమ్మసాగినది. 1929లో పటముల ప్రదర్శన జర్మనీకి వెళ్ళినది, అక్కడినుండి లండన్‌కు, తరువాత అమెరికాకు. అంతవరకు నల్లబడిన చెక్కలని అనుకొన్నవాటిని పాశ్చాత్యులు కళాఖండములుగా గుర్తించుటకు, కొనుటకు అది బాట వేసినది. 1932 నుండి అర్మండ్ హామర్ అనే వర్తకుడు రష్యా వస్తువులను అమెరికాలోని బట్టల కొట్లలో సైతము పరచి అమ్మినాడు. 1937-38లో అమెరికా రాయబారి జోసెఫ్ డేవిస్ గారి భార్య మార్జొరీ పోస్ట్ గారు మాస్కోలోని ప్రభుత్వ అంగళ్ళలో గిన్నెలను, పటములను, గురువుల వస్త్రములను కొన్నారు. వెండిని అక్కడ బరువు లెక్కన అమ్మేవారు. ఆమె 1973లో మరణించగా 1977లో హిల్‌వుడ్ ప్రజలకు తెరచినారు. నెవ్స్కీ మఠపు బంగారు గిన్నె నేడు అక్కడనే ఉన్నది. ఆమె కొనకపోతే అది కరిగిపోయి ఉండేదని అనేవారున్నారు. అదియు నిజమే కావచ్చు.

1989 అక్టోబరులో రష్యా సంఘము తిఖోన్ గారిని పరిశుద్ధునిగా ప్రకటించినది. ఆయన దేహమును ప్రభుత్వము ఎప్పుడో మాయము చేసి ఉంటుందని చాలమంది నమ్మినారు. 1991 నవంబరులో డాన్‌స్కోయ్ మఠపు చిన్న దేవాలయములో అగ్నిప్రమాదము జరిగినది. మరమ్మతుల సమయములో నేల త్రవ్వగా, 1992 ఫిబ్రవరిలో ఆయన పెట్టె దొరికినది. ఆయన పేరు చీటీలో వచ్చిన రోజున ఎదుట ఉన్న వ్లదీమిర్ పటమును 1999లో ట్రెట్యకోవ్ చిత్రశాలను ఆనుకొని ఉన్న నికోలా పరిశుద్ధుని దేవాలయములో, గాజు పెట్టెలో ఉంచారు. అక్కడ ప్రదర్శనశాల నిబంధనలును, ఆరాధన క్రమమును రెండూ పాటించారు. జనము గాజు మీదనే నుదురు ఆనించి ప్రార్థించేవారు.